మిల్లు ఊక

మా వదిన నన్ను ఒక్కసారే అడిగింది. కోళ్ల గూడు ముందు వంగి, గుప్పెడు ఊక చేతిలోకి తీసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, తల తిప్పి నన్నడిగింది.

"ఈ ఊక యాడిదప్పా?"

నేను పెరట్లో మోటార్ సైకిల్ తుడుస్తున్నాను. చెయ్యి ఆపకుండానే, "మిల్లుదే వదినా" అన్నాను.

అది మిల్లుది కాదు. ఈ మాట నేను పదకొండేళ్లు ఎవరికీ చెప్పలేదు. అది చెప్పకపోవడం వల్ల మా ఇంట్లో ఒక మనిషి ఎట్లా బతికిందో రాద్దామని ఇప్పుడు కూర్చున్నాను. నన్ను నేను తక్కువ చేసుకుని మంచివాణ్ణి అనిపించుకోవడానికి కాదు. జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి, అంతే.

మాది బంగారుపాళ్యం దగ్గర, హైవేకు కాస్త లోపలికి ఉన్న ఊరు. పెరడు ఒకటే, కాపురాలు రెండు. ముందు వైపు అన్న, వదిన, అమ్మ. వెనక రెండు గదుల్లో నేను, నా భార్య. నాయన అప్పటికే పోయాడు. పెరటి చివర, బట్టలుతికే బండకు పది అడుగుల అవతల కోళ్ల గూడు ఉండేది. ఇటుక గోడలు, పైన సిమెంటు రేకు, ముందు ఇనుప జాలి. కట్టింది అన్న. దాన్ని గూడులాగా ఉంచింది మాత్రం వదిన.

ఆమె పుట్టిల్లు సత్యవేడు వైపు. మాటలో కాస్త అరవం తగిలేది. పెళ్లయి వచ్చిన కొత్తలో అందుకు అందరూ నవ్వేవాళ్లు, తర్వాత ఆమె కోళ్లను చూసి నవ్వడం మానేశారు. పొద్దున లేచి మొహం కడుక్కోకముందే గూడు తలుపు తీసేది. కోళ్లు బయటికి వచ్చేటప్పుడు ఒక్కొక్కదాని నడక చూసేది. రాత్రి అవి ఎక్కి కూర్చునే కర్రను మొండి కొడవలితో గీకి, రెట్టను చిల్లుపడిన బేసిన్‌లోకి ఎత్తి, పెరటి మూల గుంతలో వేసి మన్ను కప్పేది. నీళ్ల మూకుడును బూడిదతో, కొబ్బరి పీచుతో తోమేది. శుక్రవారం శుక్రవారం లోపలి ఊక మొత్తం లాగేసి, నేల ఊడ్చి, సున్నం చల్లి, వేపాకు పొగ పట్టేది. ఆ పొగకు పేలు పోతాయి. సాయంత్రానికి ఎండబెట్టిన కొత్త ఊక పరిచేది. ఊక చేతిలో నలిపితే జారిపోవాలి, ముద్ద కట్టకూడదు. గూట్లో తల పెడితే కంట్లో నీళ్లు రాకూడదు. వచ్చాయంటే అడుగున తడి ఉందని లెక్క. ఇదంతా నాకు ఇప్పుడు తెలిసినంత బాగా అప్పుడు తెలియదు.

పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి ఎకసెక్కం చేసేది.

"ఏమ్మే, కోళ్లకు సున్నం కొడతా ఉండావు, వాటికేమన్నా పెండ్లా?"

"పెండ్లే పెద్దమ్మా. నువ్వూ రా, గూట్లో ఒక మూల ఖాళీగా ఉండాది."

ఆ గూటికి వదిన పెట్టిన గట్టి నియమం ఒకటి ఉండేది. అది నాకోసమే పెట్టింది. నేను కోళ్ల దాణా వ్యాన్ నడిపేవాణ్ణి. రోజుకు నాలుగైదు బాయిలర్ కోళ్ల షెడ్లకు పోయి బస్తాలు దించేవాణ్ణి. ఆ చెప్పులతో గూటి దగ్గరికి రాకూడదని ఆమె ఆజ్ఞ. గూటి పక్కన ఒక పాత రబ్బరు చెప్పుల జత ఎప్పుడూ ఉండేది. గూటి దగ్గర పని ఉంటే అవే తొడుక్కోవాలి.

"నీ షెడ్డు రోగాలు నీ కాళ్లకే అంటుకుని ఉంటాయి. ఆడనే ఇడిసిపెట్టి రా," అనేది.

ఆ సంవత్సరం మా అన్నకు మూత్రపిండాలు పనిచేయవని చెప్పారు. వారానికి రెండుసార్లు చిత్తూరు తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాలి. తీసుకుపోయేది వదినే. అమ్మ గంగమ్మకు మొక్కుకుంది. జాతరనాటికి కొడుకు లేచి తిరిగితే, ఇంట్లో పెరిగిన పుంజును ఇస్తానంది. మా వైపు మొక్కు కోడికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అది సంతలో కొన్నది కాకూడదు. మన గూట్లోనే పొదిగి, మన గింజలే తిని పెరగాలి. కాలికి పసుపు కొమ్ము కట్టాక దానికి ఎంగిలి మెతుకు వేయకూడదు. మైలలో ఉన్నవాళ్లు దాన్ని ముట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అది జాతర రోజుదాకా ఆరోగ్యంగా బతికి ఉండాలి.

ఎర్రటి ఒళ్లు, నల్లటి తోక ఉన్న పుంజు ఒకటి ఉండేది. వదిన దానికే పసుపు కొమ్ము కట్టింది. అన్న మంచం మీద పడుకుని కిటికీలోంచి దాన్ని చూసేవాడు.

"నన్ను కాపాడేటోడు సూడప్పా, పేడలో పురుగులు ఏరుకుంటా ఉండాడు," అని నవ్వేవాడు.

జాతర ఇంకా ఇరవై రోజులు ఉందనగా వదిన వాళ్ల నాయన పోయాడని ఫోన్ వచ్చింది. నా భార్య రెండో కాన్పుకు పుట్టింటికి పోయి ఉంది. అమ్మకు మోకాళ్లు వంగవు. గూడు నాకు అప్పజెప్పింది వదిన. ఏడుస్తూనే, చీర కొంగుతో ముక్కు తుడుచుకుంటూనే చెప్పింది.

"పొద్దున్నే కర్ర గీకు. నీళ్లు మార్చు. వాన పడితే ఊకంతా తీసెయ్యి, పైపైన వెయ్యొద్దు. మిల్లుకు పోయి తెచ్చుకో. చెప్పులు మర్చిపోవద్దప్పా."

"నేను సూసుకుంటాలే వదినా, నువ్వు పో," అన్నాను.

మొదటి రోజు కర్ర గీకలేదు. రెండో రోజు సాయంత్రం గాలివాన వచ్చింది. మామిడికాయలు రాలి రేకు మీద పడుతుంటే లోపల కోళ్లు అరిచాయి. నేను తలుపు తీసి చూడలేదు. మూడో రోజు పొద్దున చూస్తే ఊక అంబలిలా అయిపోయి ఉంది. పుంజు ఒక కాలెత్తుకుని పొడి ఇటుక మీద నిలబడి ఉంది.

మిల్లు నేను దాణాకు పోయే దారికి ఎదురు దిక్కున ఉంది. పోయి రావడానికి ముప్పావు గంట పడుతుంది. ఆ పూట దాణా దించాల్సిన మొదటి షెడ్డుకు పోతే, దాని యజమాని గేటు దగ్గరే నన్ను ఆపాడు.

"బస్తాలు ఈడనే దించెయ్యప్పా, లోపలికి రావద్దు. రెండు దినాలుగా పడిపోతా ఉండాయి."

పడిపోవడం అంటే ఏమిటో నాకు తెలుసు. చచ్చిన కోళ్లను పూడ్చిన గుంత మీద సున్నం చల్లి ఉంది. షెడ్డు వాకిట్లో కాళ్లు ముంచుకునే పొటాష్ నీళ్ల తొట్టి ఎండిపోయి ఉంది. గోడవారగా ఊక బస్తాలు నాలుగు కనిపించాయి. ఒకటి ఎత్తుకోనా అని అడిగాను.

"ఎత్తుకో. ఈ మందకు ఇంగ ఊకెందుకు?" అన్నాడు. అతను వద్దనకపోవడం అతని తప్పు కాదు. నేను గూటికి అని చెప్పలేదు.

ఆ బస్తా మూతి ఒకసారి విప్పి మళ్లీ కట్టి ఉంది. ముడి దగ్గర తెల్లటి ఈక ఒకటి అంటుకుని ఉంది. దాన్ని వేలితో తీసి గాలికి వదిలాను. ఇన్నేళ్లలో నాకు గుర్తుకొచ్చేది ఆ బస్తా కాదు, ఆ ఈకే. ఊక సంగతి తెలియక తెచ్చానని నాకు నేను చెప్పుకోబోయినప్పుడల్లా అది కళ్ల ముందుకు వస్తుంది.

ఇంటికి వచ్చి, షెడ్డు చెప్పులతోనే గూటిదాకా నడిచాను. తడి ఊక తీయలేదు. దాని మీదే పొడి ఊక పోసి, కాలితో సర్ది, తలుపు వేసి పనికి పోయాను. పై నుంచి చూస్తే చక్కగా ఉంది.

ఐదో రోజు వదిన వచ్చింది. పెళ్లయిన కూతురికి మూడు రోజుల మైల. ఆ మూడు రోజులూ అక్కడే ఉండి, నాలుగో రోజు తలకు నీళ్లు పోసుకుని, ఐదో రోజు బస్సెక్కింది. అన్నను మర్నాడు చిత్తూరు తీసుకుపోవాలి కాబట్టి పెద్ద దినం దాకా ఆగలేదు. వచ్చి, మళ్లీ స్నానం చేసి, నేరుగా గూటికి పోయింది. చెయ్యి అడుగుదాకా పెట్టింది. తడి తగిలింది. నా వైపు చూసింది గానీ తిట్టలేదు. ఊక వాసన చూసింది. అడిగింది. నేను చెప్పాను.

"మిల్లు ఊక వాసన లేదే," అంది తనలో తాను అనుకుంటున్నట్టు. మళ్లీ అడగలేదు. అంతా లాగేసి, ఆ ఎండలోనే నేల ఊడ్చి, సున్నం చల్లింది. అప్పటికే కోళ్లు రెండు రాత్రులు ఆ ఊకలో పడుకున్నాయి.

మూడు రోజులకు ఒక పెట్ట రెక్కలు జారవేసింది. మర్నాడు ఇంకో రెండు. ఆకుపచ్చ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం. పుంజుకు మెడ ఒక పక్కకు మెలి తిరిగింది. వదిన దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు నీళ్లు చుక్క చుక్కగా పోసింది. మధ్యాహ్నం బట్టలుతికే బండ మీద అది చచ్చిపోయింది. కాలికి పసుపు కొమ్ము అట్లాగే ఉంది. పదకొండు కోళ్లలో వారానికి ఒక్కటి మిగిలింది.

అమ్మ ఆ మధ్యాహ్నం వాకిట్లో నిలబడి ఆడిన మాటలు నేను మర్చిపోలేదు.

"నీ మైల తెచ్చి గూట్లో పెట్టినావు కదమ్మే. పెద్ద దినం కూడా కాకముందే ఏంటికి వస్తివి? వచ్చినదానివి ఆ పుంజును ముట్టకుండా ఉండలేకపోయినావా?"

పక్కింటి పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. ఈసారి ఎకసెక్కం లేదు. "మొక్కు కోడి ఊరికే పోదు మే," అంది.

వదిన నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

"మూడు దినాలూ అయినాకే వచ్చినాను అత్తా. తలకు పోసుకునే వచ్చినాను. నీళ్లు సుద్దంగానే ఉండాయి. ఊక మిల్లుదంట. ఇంగ దేని వల్ల అత్తా?"

"దేని వల్లో నీకే తెలియాల," అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో మజ్జిగ లోటా ఉంది. "ఊక మిల్లుదంట" అన్నప్పుడు ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. నా మాట మీద అంత నమ్మకం. ఆ ఊక మాట నేను చెప్పి ఉంటే, అందరూ నన్ను తిట్టేవాళ్లు, రెండు రోజుల్లో మర్చిపోయేవాళ్లు. నేను తాగడం పూర్తిచేసి, లోటా బోర్లించి పెట్టి, పనికి పోయాను. రేపు చెబుదాం అనుకున్నాను. అమ్మ కోపం తగ్గాక చెబుదాం అనుకున్నాను. అన్న కళ్లలోకి చూడటానికి భయమేసింది. ఇవన్నీ కారణాలే, ఏదీ సాకుగా కూడా పనికిరాదు.

జాతరకు అమ్మ ఇంకో పుంజును కొని ఇచ్చింది. కొన్నది మొక్కు కింద చెల్లదని తనే అంది. "కోడి సస్తే నేను సస్తానా," అన్నాడు అన్న. కానీ ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి పడుకోవడం మానేశాడు.

ఏడు నెలలకు తిరుపతిలో ఆసుపత్రిలో పోయాడు. మొక్కు తీరి ఉంటే బతికేవాడని నేను అనుకోను. డాక్టర్లు ముందే చెప్పారు. అది వేరే సంగతి. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని వదిన అంది, "ఆ పొద్దు నేను గూడు ముట్టకుండా ఉంటే అయిపోయేది." నేను ఆమె పక్కన కూర్చుని ఉన్నాను. అంబులెన్స్ మాట్లాడి వస్తానని లేచాను.

ఆ తర్వాత ఆమె బట్టలుతికే బండ దాటి అవతలికి పోలేదు. గూట్లో కట్టెలు, కొబ్బరి మట్టలు నింపాం. జాతరలో పోసే అంబలికి అంతకు ముందు రాగులు విసిరేది ఆమే. అది కూడా మానేసింది. నా పెద్ద కూతురు పెద్దమనిషి అయినప్పుడు అందరూ పసుపు రాస్తుంటే దూరంగా గోడకు ఆనుకుని నిలబడింది. విధవరాలు కాబట్టి అట్లా నిలబడిందని ఊరు అనుకుంది. నాకు ఇంకో కారణం తెలుసు. ఆమె చేతులు మాటిమాటికీ కడుక్కునేది. మూడేళ్ల క్రితం అమ్మ పోయింది. ఏమీ తెలియకుండానే పోయింది.

కిందటేడు నా భార్య నాలుగు పెట్టల్ని, ఒక పుంజు పిల్లను తెచ్చింది. ఆమెకు ఆ కథ సగమే తెలుసు. ఆ సగం అమ్మ చెప్పింది. కట్టెలు బయటపడేసి గూడు కడిగించి, వదిన దగ్గరికి పోయింది.

"అక్కా, నువ్వు సూసుకుంటే నాకు దిగులుండదు."

"నా చెయ్యి వద్దులేమ్మా," అంది వదిన. "అది మంచి చెయ్యి కాదు."

నేను గుమ్మంలో ఉన్నాను. మర్నాటి నుంచి గూడు నేనే శుభ్రం చేయడం మొదలుపెట్టాను. రబ్బరు చెప్పుల కొత్త జత కొని గూటి పక్కన పెట్టాను. దాణా వ్యాన్ మానేసి అప్పటికి చాలా ఏళ్లయింది. అయినా పెట్టాను.

వదిన బండ మీద కూర్చుని చూసేది. కొన్ని రోజులు మాట్లాడలేదు. తర్వాత ఉండబట్టలేకపోయింది.

"మూల... ఆ మూల సూడు. ఆడనే ఉండేది పెంటంతా."

"సూస్తా ఉండాను కదా వదినా."

"సూస్తే పోతుందా? గీకాల. కొడవలి బిగించి పట్టుకో, పెండ్లికొడుకు కత్తి పట్టుకున్నట్టు పట్టుకోవద్దు."

ఇన్నేళ్లలో ఆమె నాతో అట్లా మాట్లాడటం అదే మొదలు. నాకు సంతోషం కలగలేదు. ఆమె ఆ పది అడుగులు దాటి రావడం లేదు. అంత దూరం నుంచే చేతులతో చూపిస్తోంది, నీళ్లు పోయమంటోంది, సున్నం చాలంటోంది. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని లేస్తుంది, నాలుగు అడుగులు వేస్తుంది, మళ్లీ పోయి బండ మీద కూర్చుంటుంది.

ఈ ఏడు జాతరకు వారం ముందు, ఒక శుక్రవారం, ఊక మారుస్తున్నాను. గాలికి కాస్త ఊక ఎగిరి ఆమె ఒళ్లో పడింది. రెండు వేళ్లతో తీసి నలిపి చూసింది.

"ఈ ఊక యాడిదప్పా?"

మామూలుగానే అడిగింది. మనసులో ఏమీ పెట్టుకుని అడగలేదు. నా చేతిలోని బేసిన్ కింద పెట్టాను.

"మిల్లుదే వదినా. ఈసారి మిల్లుదే."

"ఈసారి అంటే?"

చెప్పాను. గాలివాన, షెడ్డు, గేటు దగ్గర అతను అన్న మాట, ఈక, చెప్పులు, తడి ఊక మీద పోసిన పొడి ఊక. నిలబడే చెప్పాను. చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆమె వేళ్ల మధ్య ఉన్న ఊకను బండ మీద రాల్చింది.

"మీ అన్నకు తెలుసునా?"

"లేదు."

"అత్తకు?"

"లేదు వదినా."

"నేను ఆయన కాళ్లు పట్టుకుని ఏడిసినాను. నా వల్లనే నీకు ఇట్లయిందని. ఆయన నన్ను ఓదార్చినాడు. ఊపిరి అందకుండానే ఓదార్చినాడు. నువ్వు ఆ పక్క గదిలోనే ఉండావు."

"ఉండాను."

క్షమించమని అడగబోయాను. నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకు ఒక్కదానికే చెప్తే ఏమొస్తుందప్పా? నన్నన్నది వాకిట్లో. అన్నోళ్లు నలుగురు, విన్నోళ్లు నలభై మంది. నాకెందుకు చెప్తావు గుసగుసగా?"

లేచి లోపలికి పోయింది. వారం రోజులు బండ మీదికి రాలేదు. గూడు నేనే శుభ్రం చేశాను. మూలలు గీకాను.

జాతర రోజు మా వీధి చివర వేపచెట్టు కింద ఆడవాళ్లందరూ అంబలి కుండలతో చేరారు. పక్కింటి పెద్దమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తుంది, కానీ పెత్తనం తగ్గలేదు. వదిన ఎప్పటిలాగే అందరికీ వెనక, ప్రహరీ గోడ పక్కన, ఖాళీ చేతులతో నిలబడి ఉంది. నేను ఆడవాళ్ల మధ్యకు పోయాను.

"పెద్దమ్మా, ఒక మాట చెప్పాల."

"ఏంరా, అంబలి కావాల్నా? మగోళ్లకు తర్వాత. పక్కకు నిలబడు."

ఎవరో నవ్వారు. నా భార్య నా వైపు చూసింది.

"అప్పుడు మా మొక్కు పుంజు సచ్చింది కదా. మా వదిన మైల వల్ల అని అంటిరి కదా."

పెద్దమ్మ మొహం చిట్లించింది. "పండగ పూట ఆ కత ఏంటికిరా? ఎప్పుడో పోయింది."

"పోలేదు పెద్దమ్మా. ఆమె తల మీదనే ఉండాది."

కుండలు పట్టుకున్నవాళ్లు పట్టుకున్నట్టే ఉండిపోయారు. నేను గోడ వైపు తిరిగాను. అందరికీ వినబడాలని గొంతు పెంచాను.

"వదినా, పుంజును సంపింది నేను. నీ మైల కాదు. రోగమొచ్చిన షెడ్డు నుంచి ఊక తెచ్చి గూట్లో పోసినాను, ఆ చెప్పులతోనే తొక్కినాను. నువ్వు అడిగితే మిల్లుదని అబద్ధం చెప్పినాను. అమ్మ నిన్ను తిడతా ఉంటే మజ్జిగ తాగినాను. అన్న పోయినాక కూడా నోరు తెరవలేదు. తప్పంతా నాది. నన్ను మన్నించు వదినా."